న్యాయకళాశాలల చర్చాసభలు - మన గృహిణులు

చట్టము గ్రంథమున నుండుట వేరు, గృహమున నుండుట వేరు. ప్రభుత్వమువారు శాసనమును చేసి గెజెట్టునందు ప్రకటించినంత మాత్రమున నది మన యింటి గడప దాటి లోనికి రాదు. దానిని గూర్చి నలుగురు కూడి మాటలాడవలెను, సందేహములు పుట్టవలెను, ఆ సందేహములకు తెలిసినవారు సమాధానములు చెప్పవలెను. అప్పుడుగాని చట్టము మనుష్యుల నోట నిలువదు. నోట నిలువని చట్టము చేతికి రాదు.

వకీలు గుమ్మము తొక్కని బ్రతుకే బ్రతుకని మన పెద్దలు తలంచిరి. ఆ తలంపులో తప్పు లేదు. తగవులు లేని కాపురమును ఎవరు కోరరు? కాని తగవు లేని యింటను చట్టము లేకపోలేదు. కుమార్తెకు పసుపుకుంకుమ క్రింద అరయెకరము పొలము చెప్పిననాడు, అన్నదమ్ములు పారికత్తు వ్రాసికొన్ననాడు, ఇంటి పెద్ద కన్నుమూసి పాసుపుస్తకమున పేరు మార్చవలసి వచ్చిననాడు చట్టము మన చావడిలోనే కూర్చుండి యుండును. మన మే దానిని గుర్తింపము.

ఇట్టి చట్టములను సామాన్యజనులకు తెలుపుటకై న్యాయకళాశాలలు బహిరంగముగా చర్చాసభలు జరుపు వాడుక యొకటి మన దేశమున ప్రబలుచున్నది. పదవీవిరమణ చేసిన న్యాయమూర్తి యొకరు, వృత్తిలోనున్న న్యాయవాది యొకరు, కళాశాల యధ్యాపకురాలో యధ్యాపకుడో యొకరు, కొన్ని వేళల పోలీసు లేక రెవిన్యూ శాఖల యుద్యోగి యొకరు ఒకే వేదికపై కూర్చుండి, అప్పటి కాలమున జనుల నోళ్లయందున్న చట్టవిషయమును తీసికొని, ఎవరికి తోచిన పక్షమును వారు చెప్పుదురు. తరువాత సభ్యులు ప్రశ్నలు వేయుదురు. ఇది ఉపన్యాసము కాదు, పురాణకాలక్షేపము కాదు, కోర్టు విచారణయు కాదు. వాది లేడు, ప్రతివాది లేడు, ఫీజు లేదు. అందువలననే యిది గృహిణులకు తగిన స్థలమని మేము నమ్ముచున్నాము. ఈ విషయమును గూర్చియే యీ నెల మా పాఠకురాండ్రతో కొంత ముచ్చటింప దలచితిమి.

మునుపు గోదావరి మండలముల పిల్లలు న్యాయశాస్త్రము చదువగోరినచో 1891వ సంవత్సరమున వెలసిన మద్రాసు లా కాలేజికి పోవలసి వచ్చెడిది. స్త్రీలు న్యాయవాదవృత్తి చేయుటకు అడ్డు లేదని చెప్పు చట్టము 1923వ సంవత్సరమునగాని రాలేదు. నేడన్ననో రాజమహేంద్రవరమున జి.యస్.కె.యం. న్యాయకళాశాల, భీమవరమున డి.ఎన్.ఆర్. న్యాయకళాశాల, ఏలూరున సర్ సి.ఆర్. రెడ్డి న్యాయకళాశాల యున్నవి. మన పిల్ల ఉదయమున చద్ది తిని, బస్సెక్కి, న్యాయశాస్త్రము చదివి సాయంకాలమునకు ఇల్లు చేరగలదు. చదువు ఇంత దగ్గరకు వచ్చినప్పుడు ఆ చదువువలన గలుగు తెలివి మాత్రము కళాశాల ప్రహరీగోడ లోపలనే నిలిచిపోవుట న్యాయము కాదు.

చట్టమును దీనినే చెప్పుచున్నది. ధనము లేమిచే నెవరికిని న్యాయము దొరకకపోరాదని రాజ్యాంగమున 39-ఎ అధికరణము 1976వ సంవత్సరమున చేర్చబడెను. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9వ తేదీన అమలులోనికి వచ్చెను. అందుచే నవంబరు 9 న్యాయసేవల దినముగా జరుపబడుచున్నది. 2008వ సంవత్సరమున భారత న్యాయవాదుల మండలి యేర్పరచిన విద్యానిబంధనల ప్రకారము ప్రతి న్యాయకళాశాలయు నొక న్యాయసహాయ కేంద్రమును నడుపవలెను. పై తరగతి విద్యార్థులే గురువుల పర్యవేక్షణలో దానిని సాగింపవలెను. కనుక చర్చాసభ జరుపుట కళాశాలవారు మనకు చేయు దయ కాదు. అది వారి చదువులోని భాగమే.

గోదావరి గట్టున మొదటి చర్చ

చర్చవలన నేమగును, మాటలకు చింతకాయలు రాలునా యని కొందరు పరిహసింతురు. వారికి రాజమహేంద్రవరపు చరిత్రయే సమాధానము చెప్పగలదు.

వితంతువుల పునర్వివాహమును చెల్లుబాటు చేయు చట్టము 1856వ సంవత్సరముననే పుట్టెను. అది కలకత్తాలో పుట్టి, గోదావరికి పుస్తకరూపమున మాత్రమే వచ్చి, యిరువదియైదేండ్లు నిద్రించెను. మన మండలమున బాలవితంతువులు లేకపోలేదు, చట్టము లేకపోలేదు, కాని యా రెంటికిని నడుమ వారధి లేదు. 1879వ సంవత్సరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున బహిరంగముగా నుపన్యసించి యీ విషయమును చర్చకు పెట్టిరి. పండితులు ఎదుర్కొనిరి. శాస్త్రవచనములకు శాస్త్రవచనములు, యుక్తులకు యుక్తులు చెప్పుకొనిరి. పట్టణమంతయు రెండు పక్షములయ్యెను. తుదకు 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహము రాజమహేంద్రవరమున జరిగెను. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి.

ఆ దినములలో వంటవారును నీళ్లు తెచ్చువారును పంతులుగారి యింటిని విడిచిపోయిరి. వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి నీళ్లు మోసి తెచ్చి, పెండ్లివారికి వండిపెట్టిరి. సభలో మాటలాడినవారు పురుషులు. ఆ మాట నిలుచుటకై బిందె మోసినది స్త్రీ. ఈ సంగతిని మా పాఠకురాండ్రు మరువరాదు.

ఇందు గ్రహింపవలసిన దింకొకటి కలదు. ఆ 1856వ సంవత్సరపు చట్టమే, మరల పెండ్లాడిన స్త్రీ మొదటి భర్త యాస్తిలో తనకు గల హక్కును పోగొట్టుకొనునని రెండవ సెక్షనులో చెప్పెను. ఒక చేత మేలు, ఒక చేత కీడు. పేరు మాత్రమే విన్నవారికి మేలు తెలియును. లోపలి సెక్షనులను చదివి చర్చించినవారికే కీడు తెలియును. ఆ చట్టము 1983వ సంవత్సరమున రద్దు చేయబడెను. చట్టమును పొగడుటకు ముందు దానిని పూర్తిగా చదువవలె ననుటకు ఇంతకంటె నుదాహరణము వలదు.

రాజమహేంద్రవరపు ఆడపడుచు

అదే రాజమహేంద్రవరమున 1909 జూలై 15వ తేదీన దుర్గాబాయమ్మగారు జన్మించిరి. ఎనిమిదవ యేటనే వారికి వివాహమయ్యెను; పెరిగి పెద్దయైన పిదప ఆ బంధమునుండి తొలగిరి. 1923వ సంవత్సరమున కాకినాడ కాంగ్రెసు సమయమున ఖద్దరు ప్రదర్శనము వాకిట స్వచ్ఛంద సేవికగా నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే యాపిన బాలిక ఆమెయే. నిబంధన యందరికి నొకటే యని పదునాలుగేండ్ల పిల్ల గ్రహించెను. ఆమెయే మద్రాసు విశ్వవిద్యాలయమున 1942వ సంవత్సరమున న్యాయశాస్త్రమున పట్టభద్రురాలై, రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యురాలై, హిందూ స్మృతి బిల్లును బలపరచెను.

1953వ సంవత్సరమున ఆమె చైనా దేశమునకు పోయి, అక్కడి కుటుంబ న్యాయస్థానములను చూచి వచ్చి, ఇట్టివి మనకును కావలెనని చాగ్లా, గజేంద్రగడ్కరు వంటి న్యాయమూర్తులతోను ప్రధానమంత్రి నెహ్రూగారితోను చర్చించెను. ఆ చర్చలు ఊరక పోలేదు. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984వ సంవత్సరమున వచ్చెను. అంతకు మూడేండ్లకు ముందే, 1981 మే 9వ తేదీన ఆమె గతించెను. విత్తినవారు ఫలమును చూడకపోవచ్చును. విత్తు మాత్రము మొలవక మానదు.

ఆ చట్టములో గృహిణులు తెలిసికొనవలసిన విశేష మున్నది. కుటుంబ న్యాయస్థానమున మొదట రాజీకై యత్నింపవలెను. న్యాయవాదిని పెట్టుకొనుట అచ్చట హక్కు కాదు, న్యాయమూర్తి యనుమతింపవలెను. అనగా మన స్త్రీ తన గోడును తానే, తన నోటితోనే, పదుగురి యెదుట చెప్పుకొనవలసి రావచ్చును. పుట్టింట తండ్రి మాటలాడెను, అత్తింట భర్త మాటలాడెను. ఒకనాడు హఠాత్తుగా న్యాయమూర్తి యెదుట నిలిచి మాటలాడుమనిన నోరు పెగలునా? చర్చాసభలో లేచి యొక ప్రశ్న వేయుట నేర్చిన స్త్రీకి ఆ బెదురు సగము తీరును. సభవలన గలుగు లాభములలో మేము దీనినే ముఖ్యమైనదిగా నెంచుచున్నాము.

ఆరెకరముల లెక్క

ఇక మన యిండ్లలో నేడు మిక్కిలి యవసరమైన చర్చ యాడపిల్ల యాస్తిహక్కును గూర్చినది. అందరును విన్నదే, లెక్క తెలిసినవారు కొలదిమంది. కనుక నొక కుటుంబమును ఊహింతము.

తండ్రికి పిత్రార్జితమైన యారెకరముల వరిపొల మున్నది. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. ఎవరును పంచుకొనలేదు; వీలునామా లేదు. తండ్రి గతించెను. కుమార్తెకు ఎంత వచ్చును?

1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము మొదట నున్న రీతిని బట్టి చూడగా, పొలము తండ్రికిని ఇద్దరు కొడుకులకును మూడు వంతులగును. తలకు రెండెకరములు. తండ్రి వంతైన రెండెకరములు మాత్రము తల్లి, ఇద్దరు కొడుకులు, కుమార్తె యను నలుగురికి సమముగా పోవును. కుమార్తెకు ఏబది సెంట్లు. తల్లికి ఏబది సెంట్లు. కొడుకులకు తలకు రెండెకరముల ఏబది సెంట్లు.

ఈ యన్యాయమును తొలగించుటలో మన ఆంధ్రప్రదేశము దేశమునకు దారి చూపెను. 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించునట్లు రాష్ట్రమువారు సవరణ చేసి, కుమార్తెయు కుమారునివలె పుట్టుకతోడనే పాలివారలలో నొకతె యనిరి. కాని యా తేదీకి పూర్వమే పెండ్లియైన యాడపిల్లలకు అది వర్తింపలేదు. తరువాత పార్లమెంటు చేసిన సవరణము 2005 సెప్టెంబరు 9వ తేదీన వచ్చి, పెండ్లియైనను కాకున్నను కుమార్తెకు హక్కు కలదని చెప్పెను. ఆనాటికి తండ్రి బ్రతికి యుండవలెనా యను సందేహము దేశమంతట వివాదము పుట్టింపగా, 2020 ఆగస్టు 11వ తేదీన వినీతా శర్మ కేసులో సుప్రీముకోర్టువారు, ఉండనవసరము లేదు, హక్కు పుట్టుకతో వచ్చునని తీర్మానించిరి. 2004 డిసెంబరు 20వ తేదీకి ముందే రిజిస్టరు దస్తావేజుచేతనో కోర్టు డిక్రీచేతనో నడచిన పంపకములు మాత్రము చెదరవు.

ఇప్పుడు లెక్క యెట్లు మారినదో చూడుడు. తండ్రి, ఇద్దరు కొడుకులు, కుమార్తె - నాలుగు వంతులు. తలకు ఒకటిన్నర యెకరము. తండ్రి వంతు మరల నలుగురికి పంచగా తలకు ముప్పదియేడున్నర సెంట్లు. కుమార్తెకు మొత్తము ఒక యెకరము ఎనుబదియేడున్నర సెంట్లు, కొడుకులకును అంతే. ఏబది సెంట్లనుండి యింతకు పెరిగినదని సంతసింతము.

కాని తల్లి సంగతి యేమి? మొదట నామెకు ఏబది సెంట్లు వచ్చుచుండెను. ఇప్పుడు ముప్పదియేడున్నర సెంట్లే. కుమార్తెకు మేలు చేసిన సవరణము తల్లి భాగమును తగ్గించెను! భర్త పోయిన ముసలితనమున కొడుకు కోడండ్రపై ఆధారపడు తల్లికి పండ్రెండున్నర సెంట్లు తరిగినవి. ఈ మాటను పత్రికలలో పెద్దయక్షరములతో నెవరును వ్రాయలేదు. నలుగురు కూర్చుండి కాగితముపై లెక్క వేసినప్పుడే యిది బయటపడును. దీనికి మందును చట్టముననే యున్నది: తన వంతును ఎవరికి కావలెనన్న వారికి వీలునామా వ్రాయు హక్కు తండ్రికి కలదు. వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలుదురు. స్టాంపు కాగితము అక్కరలేదు. రిజిస్టరు చేయించుట నిర్బంధము కాదు, చేయించుట మేలు. ఈ నాలుగు మాటలు తెలిసిన భర్త, భార్యకు ముసలితనమున నీడ కల్పింపగలడు. తెలియనివాడు ఎంత ప్రేమ గలవాడైనను కల్పింపలేడు.

పసుపుకుంకుమల మాటయు నిట్టిదే. మన డెల్టాలో కూతురి పెండ్లినాడు బంధువుల యెదుట, ఫలానా గట్టు ప్రక్క చేను అమ్మాయిదని నోటిమాటగా చెప్పుట కలదు. మాట మీద నిలుచు తండ్రులున్నన్నాళ్లు అది సాగును. తండ్రి పోయి, చేను విలువ పెరిగి, వదినలు మరదండ్రు వచ్చిన పిదప ఆ మాట యెక్కడిది? స్థిరాస్తిని దానమిచ్చుటకు ఇద్దరు సాక్షులు సంతకము చేసిన రిజిస్టరు దస్తావేజు కావలెనని 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 123వ సెక్షను చెప్పుచున్నది. పెండ్లికి లక్షలు ఖర్చు పెట్టి పందిళ్లు వేయు తండ్రి, రిజిస్ట్రారు కచేరీకి ఒక్క పూట పోవుటకు తీరిక లేదనుట వింత కాదా?

అన్నదమ్ములతో తగవుకు దిగుడని మేము చెప్పుటలేదు. ఆడపడుచుకు పుట్టిల్లన్న నెంత ప్రాణమో మేమెరుగుదుము. పండుగకు పిలుచు అన్న, పురిటికి తీసికొనిపోవు తమ్ముడు, పిల్ల పెండ్లికి మేనమామ - ఈ బంధములకు ఎకరములతో వెల కట్టలేము. ఇష్టమున్న స్త్రీ తన భాగమును సోదరులకు విడువవచ్చును. కాని, ఇచ్చట సంతకము పెట్టవమ్మా యని చెప్పిన చోట చదువక సంతకము చేయుట వేరు. నాది యెకరము ఎనుబదియేడున్నర సెంట్లు, నా తమ్ముడు కష్టములలో నున్నాడు, కనుక విడుచుచున్నాను అని తెలిసి చేయుట వేరు. తెలిసి విడిచినది త్యాగము. తెలియక విడిచినది నష్టము. రెంటికిని కాగిత మొకటే. గౌరవ మొకటి కాదు.

రెండు పక్షములు వినుట

చర్చాసభ యనగా నొక్క పక్షమునే బోధించునది కాదు. ఆడపిల్లల వివాహవయస్సును పదునెనిమిదినుండి యిరువదియొకటికి పెంచవలెనను బిల్లు 2021వ సంవత్సరమున లోకసభకు వచ్చెను. 2024వ సంవత్సరమున ఆ సభ రద్దగుటతో బిల్లును మురిగిపోయెను. దానిని గూర్చి యిద్దరు విద్యావతులే రెండు విధములుగా చెప్పుదురు. చదువు పూర్తి యగుటకు పిల్లకు మూడేండ్లు దొరకునని యొకరు. పందొమ్మిదేండ్ల పిల్ల తన యిష్టమున పెండ్లాడినచో తలిదండ్రులు ఆ చట్టమును పట్టుకొని కేసు పెట్టుదురని యొకరు. రెండు మాటలలోను నిజ మున్నది. వినిన గృహిణి యింటికి వచ్చి, తన కుమార్తెను గూర్చి ఆలోచించుకొనును. ఆ యాలోచనయే సభకు ఫలము.

క్రొత్త క్రిమినలు చట్టములును అట్లే. 1860వ సంవత్సరపు శిక్షాస్మృతికి మారుగా భారతీయ న్యాయసంహితయు, దానితో మరి రెండును 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. నూరేండ్లకు పైగా జనుల నాలుకపై నాడిన సెక్షనుల యంకెలన్నియు మారినవి. భర్తయు నతని బంధువులును పెట్టు క్రూరహింసకు 498-ఎ యని పల్లెలలో సైతము తెలియును. నేడది 85, 86 సెక్షనులయినది. ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు నమోదు చేయవలెననియు, ఈ ఊరు మాది కాదని త్రిప్పి పంపరాదనియు క్రొత్త విధానసంహిత స్పష్టముగా చెప్పుచున్నది. పాలకొల్లులో కాపురమున్న స్త్రీ దెబ్బలు తిని అమలాపురమున పుట్టింటికి చేరినచో అమలాపురముననే ఫిర్యాదు వ్రాసికొనవలెను. ఈ యొక్క సంగతి తెలియకున్న నామె రెండు ఠాణాల నడుమ గోదావరి దాటుచునే యుండును.

అన్య దేశములలో నిట్టి పని చాలకాలముగా సాగుచున్నది. అమెరికాలో వాషింగ్టను నగరమున జార్జిటౌను విశ్వవిద్యాలయపు న్యాయవిద్యార్థులు 1972వ సంవత్సరమునుండి ఉన్నత పాఠశాలలకు పోయి, అద్దె, అప్పు, కుటుంబము, పోలీసులు మొదలగు నిత్యవ్యవహారముల చట్టమును బోధించుచున్నారు. దానికి స్ట్రీట్ లా యని పేరు. దక్షిణాఫ్రికాలో డర్బను నగరమున 1986వ సంవత్సరమున, వర్ణభేద ప్రభుత్వ మింక నున్న దినములలోనే, అట్టి పాఠములు మొదలయ్యెను. చట్టమే యన్యాయముగా నున్న దేశమునను జనులు చట్టమును నేర్చుకొనిరి.

సభ యెట్లుండవలెను

మంచి పనిలో లోపములుండును. సామాన్యముగా ఇట్టి సభలలో మేము చూచిన లోపములను మెత్తగా చెప్పుదుము. ఏ యొక్క కళాశాలనుద్దేశించియు కాదు.

మొదటిది వేళ. పనిదినమున పదునొకండు గంటలకు సభ పెట్టినచో వచ్చు గృహిణు లెవరు? పొయ్యిమీద అన్నము, బడినుండి వచ్చు పిల్లలు, నాట్లు కోతల దినములయినచో పొలమున కూలీలు. ఆదివారము మధ్యాహ్నము మూడింటికి పెట్టి, ఐదింటికి ముగించినచో మేలు. వరికోతల నెలను విడువవలెను.

రెండవది స్థలము. కళాశాల సభామందిరమునకు పట్టణపు స్త్రీలైనను సంశయించి వత్తురు. లంకగ్రామముల స్త్రీలు పడవ దాటి రాగలరా? సంవత్సరమున కొన్ని సభలనైనను ఊరి గ్రంథాలయమునకో, దేవాలయ మండపమునకో, డ్వాక్రా సంఘములు కూడు చోటికో తీసికొనిపోవలెను.

మూడవది కాలము దుర్వినియోగమగుట. శాలువలు, పూలదండలు, వందనసమర్పణములు గంటసేపు. ప్రశ్నలకు ఐదు నిమిషములు. ఉన్నది రెండు గంటలైనచో ఒక గంట ప్రశ్నలకే యుంచవలెను. శాలువ కప్పకున్నను వచ్చిన పెద్దలు కోపగింపరు.

నాల్గవది భాష. కోర్టు మాటలు కొన్ని తప్పవు. దావా, డిక్రీ, అప్పీలు మన యింటిమాటలే. కాని వాక్యమంతయు ఇంగ్లీషున చెప్పి తుద నొక తెలుగు క్రియ చేర్చిన యంత మాత్రమున నది తెలుగు కాజాలదు. చర్చ ముగిసిన పిదప సారాంశమును ఒక్క పుటలో తెలుగున అచ్చొత్తించి యిచ్చినచో, ఆ కాగితము వంటయింటి అలమరలో నిలుచును, ప్రక్కయింటివారును చదువుకొందురు.

ఐదవది సంకోచము. అత్తగారు ప్రక్కన కూర్చుండగా కోడలు గృహహింసను గూర్చి లేచి యడుగగలదా? పేరు లేని చీటీలపై ప్రశ్నలు వ్రాయించి, పెట్టెలో వేయించి, అధ్యాపకురాలొకతె చదువవలెను. స్త్రీలను మార్చి 8వ తేదీన మాత్రమే వేదిక యెక్కించి, తక్కిన దినములలో ముందు వరుస కుర్చీలకు పరిమితము చేయుటయు మానవలెను. భూమి, పన్ను, అప్పు, కౌలు మొదలగు చర్చలన్నిటను స్త్రీలు వక్తలుగా నుండదగును.

పాఠకురాండ్రకు

ఇక మన వంతు. సభ జరుగునని తెలిసినచో నొక్కరు పోక, ఇద్దరు ముగ్గురు కలసి పోవుడు. పోవుటకు ముందే ప్రశ్న వ్రాసికొనుడు. కోర్టులో నడచుచున్న మీ సొంత వ్యాజ్యమును పేర్లతో సహా సభలో విప్పకుడు. అది చర్చాసభ, సలహాకచేరి కాదు. ఒక స్త్రీకి ఇట్లు జరిగినచో చట్టమేమి చెప్పును అని యడుగుడు. ఇవి కొన్ని అడుగదగిన ప్రశ్నలు: పెండ్లిలో నాకు పెట్టిన నగలు అత్తవారి బీరువాలో నున్నవి, అవి యెవరివి? (స్త్రీధనము స్త్రీకే పూర్తి సొత్తు, దాచినవారు ధర్మకర్తల వంటివారు మాత్రమే యని సుప్రీముకోర్టువారు 1985వ సంవత్సరమున ప్రతిభారాణి కేసులో చెప్పిరి.) సంతానము లేని వితంతువు తాను సంపాదించిన సొమ్మును వీలునామా లేక విడిచిపోయినచో ఎవరికి పోవును? (పుట్టింటివారికి కాదు, భర్త వారసులకు. ఇది విని యెందరు ఉద్యోగినులు ఉలికిపడుదురో!) విడుదల దస్తావేజు చేసిన పిదప మనసు మారినచో దారి యున్నదా? అడుగనిది అమ్మయైనను పెట్టదన్న సామెత సభకును వర్తించును.

సభలో విన్న దానితో తృప్తి పడక, సొంత చిక్కున్నవారు న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చును. ప్రతి జిల్లాలోను జిల్లా న్యాయమూర్తి యధ్యక్షతన అట్టి సంస్థ కలదు. ఆదాయ మెంతయున్నను, స్త్రీయైన మాత్రముననే ఉచిత న్యాయసహాయమునకు హక్కు కలదని 1987వ సంవత్సరపు చట్టము 12వ సెక్షను చెప్పుచున్నది. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేసి యడుగవచ్చును. లోకదాలతులో రాజీయైన కేసులకు కోర్టుఫీజు తిరిగి వచ్చును. దానిపై అప్పీలు లేదు, కనుక రాజీపత్రమును చదివించుకొని గాని సంతకము చేయరాదు.

న్యాయశాస్త్రము చదువు విద్యార్థినులు మన యిండ్లలోనే యున్నారు. మీ కుమార్తెయో, మేనకోడలో, ప్రక్కయింటి పిల్లయో కావచ్చును. పరీక్షకై చదువునప్పుడు దాని ప్రక్కన కూర్చుండి, ఏమమ్మా, నీ పుస్తకములో మన పొలమును గూర్చి యేమున్నది యని యొకసారి యడుగుడు. ఆ పిల్ల చెప్పలేకపోయినచో రేపు గురువును అడిగి వచ్చి చెప్పును. ఆ ప్రశ్నయు నొక చర్చాసభయే. ఆరెకరముల లెక్కను కాగితముపై మీ చేతనే వేయుడు. వంతు తగ్గిన తల్లి మీ యింటను ఉన్నదేమో చూడుడు. ఉన్నచో వీలునామా మాటను ఈ నెలలోనే, అందరును అన్నమునకు కూర్చున్న వేళ, నెమ్మదిగా కదపుడు.